గేటు బయటి పాఠకుడు

గుంటూరు నుంచి తెనాలి వెళ్లే దారిలో వడ్లమూడి దగ్గర దిగాను. ఇక్కడ విజ్ఞాన్ డీమ్డ్ విశ్వవిద్యాలయం ఉంది, సంగం డెయిరీ ఉంది. విశ్వవిద్యాలయంలో పుట్టే పరిశోధన డెయిరీలో పాలు పరీక్షించే పట్టభద్రుడికి అందుతుందా అన్నదే నేను చూడదలచుకున్నది. థీసిస్‌ల వరకు అందుతోంది. ప్రతి పీహెచ్‌డీ థీసిస్‌కూ ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ‘శోధ్‌గంగ’ ఆన్‌లైన్ భాండాగారంలో అవి అయిదు లక్షలు దాటాయి. విజ్ఞాన్‌వీ అందులో ఉన్నాయి. ఒక థీసిస్ తెరిస్తే ముఖపత్రానికి ఒక ఫైలు, ధ్రువపత్రానికి ఒకటి, అధ్యాయానికొకటి. చిట్టచివర 80 అంకెతో ‘రికమెండేషన్’ ఫైలు. తీరిక లేనివాడు ముందుగా తెరవాల్సింది దాన్నే, తేలిన ఫలితాలు అక్కడుంటాయి.

పత్రికల్లో వచ్చే పరిశోధన పత్రాల సంగతి వేరు. బెంగళూరు ఐఐఎస్‌సీ 2002లోనే వాటికి బహిరంగ భాండాగారం తెరిచింది. పటాన్‌చెరు ఇక్రిశాట్ 2009లో తన శాస్త్రవేత్తలకు పత్రాలను అలా బహిరంగంగా ఉంచడాన్ని నియమం చేసింది. విశ్వవిద్యాలయాలన్నిటికీ వర్తించే అలాంటి నిబంధన మాత్రం నేటికీ లేదు. పరిశోధన పత్రికల కోసం ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం వచ్చాక ఇంకా భాండాగారాలెందుకని కొందరు అడుగుతున్నారు. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు పెట్టి 2025 జనవరిలో మొదలుపెట్టిన ఆ పథకం తొలి దశలో ప్రభుత్వ సంస్థలకే పరిమితం. వడ్లమూడిలాంటి ప్రైవేటు ప్రాంగణానికి అది రాదు, డెయిరీకి అసలే రాదు. చందా కడితే చదివే హక్కు కొన్నాళ్లకే. భాండాగారంలో పెట్టిన పత్రం రేపల్లె రొయ్యల రైతు కొడుకు ఫోన్‌లోనూ ఎప్పటికీ తెరుచుకుంటుంది.

బయట పెడితే కాపీ కొడతారన్న భయం అధ్యాపకుల్లో ఉంది. నిజానికి కాపీ దొరక్కుండా పోయేది బీరువాలో మగ్గే థీసిస్ నుంచే. అందరికీ కనిపించే పాఠాన్ని సాఫ్ట్‌వేర్ ఇట్టే పోల్చి పట్టిస్తుంది. ప్రచురణకర్త హక్కుల అభ్యంతరం ఇంతకన్నా గట్టిదే. అయితే అచ్చు రూపం కాకుండా, సమీక్ష పూర్తయిన రచయిత ప్రతిని కొంత గడువు తర్వాత భాండాగారంలో ఉంచుకోవడానికి చాలా ప్రచురణ సంస్థలు ఒప్పుకుంటున్నాయి. భాండాగారం నడపడానికి డీస్పేస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. కావాల్సింది ఒక సర్వరు, హక్కుల షరతులు చదివి చెప్పే ఒక గ్రంథపాలకుడు, పత్రాలు అప్పగించేలా చేసే నియమం. ఈ మూడోదే కష్టం. బెల్జియంలోని లియేజ్ విశ్వవిద్యాలయం దానికి దారి చూపింది: భాండాగారంలో లేని పత్రాన్ని పదోన్నతి లెక్కలోకి తీసుకోనంది. అలాంటి తీర్మానం వడ్లమూడిలో జరగాలంటే ఢిల్లీ అనుమతి కోసం ఆగనక్కర్లేదు.