అమీర్‌పేట డైరీ: నెలలు నిండే దాకా

3 అక్టోబరు 2024, గురువారం

ఇరవై నాలుగు వారాలు నిండాయి. పోయిన నెల టిఫా స్కాన్‌లో గర్భసంచి ముఖద్వారం పొడవు 23 మిల్లీమీటర్లు వచ్చింది. 25కు తగ్గితే జాగ్రత్త పడాలి. పెద్దది ముప్పై రెండో వారంలోనే పుట్టింది కాబట్టి డాక్టరమ్మ ఈసారి ముందే కొలిపించారు. కుట్టు వెయ్యాలా, మందుతో చూడాలా అని మాట్లాడుకుని చివరికి మందుకే మొగ్గాం. రోజూ పడుకోబోయే ముందు ప్రొజెస్టెరాన్ మాత్ర లోపల పెట్టుకోవాలి. అప్పటి నుంచి కొలత ఇంకా తగ్గలేదు.

మంచం దిగకూడదా అని అడిగాను. అక్కర్లేదన్నారు. రోజంతా పడుకుంటే కానుపు ఆగుతుందనడానికి రుజువు లేదు, పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. గంటల తరబడి నిలబడొద్దన్నారు, అంతే. మైత్రీవనం దగ్గర ఇన్‌స్టిట్యూట్‌లో మా సార్ బోర్డు పక్కన కుర్చీ వేయించారు. సాయంత్రం బ్యాచ్ ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో చెప్తున్నాను.

7 అక్టోబరు

సిస్టర్ దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పారు. ముందు బాత్రూంకు వెళ్లి రావాలి. గ్లాసు నీళ్లు తాగి ఎడమవైపుకు తిరిగి పడుకోవాలి. బొడ్డుకు పైన వేళ్ల కొసలు ఆనించి ఉంచాలి. పొట్ట గట్టిపడితే నుదురు తాకినట్టు ఉంటుంది, వదిలితే బుగ్గ తాకినట్టు ఉంటుంది. గట్టిపడిన టైము, వదిలిన టైము రాసుకోవాలి. గంటలో నాలుగు దాటితే ఫోన్ చెయ్యాలి. నడుములో వచ్చి పోయే నొప్పి, కిందికి దిగుతున్నట్టు బరువు ఉన్నా చెయ్యాలి. ఉమ్మనీరు కారినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా లెక్కలు పెట్టుకుంటూ కూర్చోకుండా బయల్దేరాలి.

10 అక్టోబరు

సద్దుల బతుకమ్మ. అమ్మ ఊరి నుంచి తంగేడు పూలు మోసుకొచ్చింది. అపార్ట్‌మెంట్ కింద ఆడవాళ్లందరూ ఆడుతుంటే కుర్చీలో కూర్చుని చూశాను. అమ్మ రెండు చుట్లకోసారి వచ్చి అదే అడిగింది: "కడుపు గట్టిగయితుందా బిడ్డా?"

18 అక్టోబరు

పొట్టకు కట్టుకునే మెషిన్ అద్దెకు తెద్దామని ఆయన అంటున్నారు. ఫోన్‌లోనే గ్రాఫ్ కనిపిస్తుందట. రాత్రి కూర్చుని చదివాను. 1980లలోనే అమెరికాలో ఇలాంటి బెల్టులు వచ్చాయి. ఇంట్లో కట్టుకుంటే ఆ రీడింగు టెలిఫోన్ లైను మీద నర్సుకు చేరేది. కాలిఫోర్నియాలో 2,422 మందిని మూడు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుతో నర్సు వారానికోసారి మాట్లాడింది, ఇంకో గుంపుతో రోజూ మాట్లాడింది. మూడో గుంపుకు రోజూ నర్సు ఫోనుతో పాటు బెల్టు కూడా ఇచ్చారు. 1998లో ఫలితం అచ్చయింది: నెలలు నిండని కానుపులు మూడింట్లోనూ ఇంచుమించు సమానం. బెల్టు కట్టుకున్నవాళ్లు మాత్రం ఆసుపత్రికి ఎక్కువసార్లు పరుగెత్తారు, నొప్పులు ఆపే మందులు ఎక్కువ వాడారు.

మెషిన్ నొప్పిని లెక్కపెడుతుంది, ఆపలేదు. ఆయనకు చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, "అయితే మనం చేయగలిగింది ఏంటి?" అన్నారు. మంచి ప్రశ్న.

25 అక్టోబరు

దానికి మొదటి జవాబు రోడ్డు మీద దొరికింది. మా ఆసుపత్రి పంజాగుట్ట దాటాక ఉంది. ఆయన రెండు వేళల్లో బండి మీద వెళ్లి చూసొచ్చారు. తెల్లవారుజామున టీ చల్లారేలోపు చేరిపోవచ్చు. సాయంత్రం ఏడింటికి, కోచింగ్ బ్యాచ్‌లు వదిలి మెట్రో జనం మెట్లు దిగే వేళ, అమీర్‌పేట చౌరస్తా దాటడమే గగనం. పంజాగుట్ట సర్కిల్ సంగతి సరేసరి. అందుకని సాయంత్రం ఏ కొంచెం అనుమానం వచ్చినా ముందే బయల్దేరాలని ఒప్పందం. 108 నంబరు ఫ్రిజ్ మీద అంటించాం. ఆ సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది ఈ హైదరాబాద్‌లోనే.

31 అక్టోబరు, దీపావళి

సాయంత్రం దీపాలు పెడుతుంటే పొట్ట గట్టిపడటం మొదలైంది. పడుకుని రాసుకున్నాను. 6.10, 6.22, 6.35, 6.46, 6.58. ఫోన్ చేశాను. ఎత్తిన సిస్టర్ విసుక్కోలేదు, నీళ్లు కారుతున్నాయా, రక్తం ఉందా, బిడ్డ కదులుతోందా అని అడిగి, "వచ్చేయండమ్మా, చూసి పంపిస్తాం" అంది. ముఖద్వారం తెరుచుకోలేదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తేలింది. దానివల్ల కూడా నొప్పులు లేస్తాయట. యాంటీబయాటిక్ మొదలుపెట్టారు, రాత్రికి సర్దుకుంది. ఇరవై ఎనిమిదో వారం ఆసుపత్రి మంచం మీద నిండింది. కిటికీలోంచి తారాజువ్వలు.

8 నవంబరు

ఆ రాత్రి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎందుకు ఇవ్వలేదని డాక్టరమ్మను అడిగాను. కానుపు వారంలోపు అవుతుందనిపిస్తేనే ఇస్తారు, అప్పుడే ఫలం. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి రావడానికి ఆ మందు. న్యూజిలాండ్‌లో లిగిన్స్ అనే డాక్టరు గొర్రెల మీద పరిశోధన చేస్తూ దాని గుణం కనిపెట్టారు. 1972లో హోవీతో కలిసి తల్లుల మీద చేసిన పరీక్ష ఫలితాలు ప్రకటించారు. మన దేశంలో 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొస్తే డెక్సామెథాసోన్ 6 మిల్లీగ్రాములు, పన్నెండు గంటలకోసారి, నాలుగు డోసులు. మొదటి డోసు ఏఎన్‌ఎం కూడా ఇవ్వొచ్చని కేంద్రం 2014లోనే చెప్పింది. చవక మందు. కాకపోతే పూర్తిగా పనిచేయడానికి దానికి ఒకటి రెండు రోజులు కావాలి. నొప్పులు ఆపే మందులు ఇచ్చేది కూడా ఆ కాస్త వ్యవధి కోసమే.

ఆయన ప్రశ్నకు అసలు జవాబు ఇదీ. ఇంట్లో పొట్ట మీద చెయ్యి పెట్టి చూసుకోవడం వల్ల కానుపు ఆగదు. ఆ రెండు రోజులు చేజారకుండా ఉంటాయి.

17 నవంబరు, ఆదివారం

నెలలు నిండని పిల్లల కోసం ప్రపంచమంతా జరిపే రోజు. 2020లో ప్రపంచంలో కోటీ ముప్పై నాలుగు లక్షల మంది ఇలా పుడితే, మన దేశంలోనే దాదాపు ముప్పై లక్షలు. నీలోఫర్ ఆసుపత్రి గుర్తొచ్చింది. తన దగ్గర పనిచేసే రఫత్ కానుపులో చనిపోతే తట్టుకోలేక నీలోఫర్ యువరాణి పూనుకున్నందువల్లే 1953లో అది వెలిసింది. జిల్లాల నుంచి బరువు తక్కువ పిల్లలను ఇప్పటికీ అక్కడికే తెస్తారు. బిడ్డ పుట్టాక అంబులెన్స్‌లో తేవడం కన్నా, నొప్పులు మొదలవగానే తల్లినే తీసుకురావడం మేలు. తల్లి కడుపును మించిన ఇంక్యుబేటర్ లేదు.

28 నవంబరు

ముప్పై రెండు వారాలు. అమ్మ పొద్దుటి నుంచి ముభావంగా ఉంది. చివరికి బయటపడింది. "ఏడు నెలల పిల్ల నిలుస్తది గనీ, ఎనిమిది నెలల పిల్ల నిలువదంటరు బిడ్డా."

ఈ మాట మన ఊళ్లదే కాదు, హిప్పోక్రటీస్ పేరు మీదున్న గ్రీకు వైద్య గ్రంథాల్లోనూ ఉంది. వేల ఏళ్లుగా తల్లులను భయపెడుతూనే ఉంది. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు లాభమే. వరండాలో సైకిల్ తొక్కుతున్న పెద్దదాన్ని చూపించాను. "అది పుట్టింది ఎనిమిదో నెలలోనే కదమ్మా. రోజంతా నా గుండెకు ఆనించి కట్టింది నువ్వే కదా." అమ్మ కళ్లు తుడుచుకుని, సాయంత్రం బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్లొచ్చింది.

4 డిసెంబరు

పొద్దున ఏడున్నరకు మంచం ఊగింది. ములుగులో భూకంపమట, 5.3. అమ్మ పరుగెత్తుకొచ్చి ముందు నా పొట్ట మీద చెయ్యి వేసింది. మెత్తగానే ఉంది.

12 డిసెంబరు

ముప్పై నాలుగు. ఇక మీదట నొప్పులొస్తే ఆపే ప్రయత్నం సాధారణంగా చెయ్యరట. సంక్రాంతి దాకా ఆగితే ఇంకా మంచిది.

ప్రతి గర్భిణి కార్డు మీదా రాత్రి పలికే నంబరు ఒకటి ఉండాలి. ఎత్తినవాళ్లు విసుక్కోకూడదు. "ఊరికే వచ్చావా?" అని ఒక్కసారి అనిపించుకున్న ఆడది రెండోసారి నొప్పిని పళ్లబిగువున ఓర్చుకుంటుంది. ఇంజెక్షన్‌కు కావలసిన గంటలు అక్కడే పోతాయి.

నా పాత స్టూడెంట్‌కు ఆరో నెల, కవలలు. మెషిన్ కొనమంటారా మేడమ్ అని అడగడానికి వచ్చింది. పొట్ట మీద చెయ్యి ఎలా పెట్టాలో మంచం మీద పడుకోబెట్టి చూపించాను. తర్వాత అడిగాను: "రాత్రి రెండింటికి మీ ఆసుపత్రిలో ఫోన్ ఎవరు ఎత్తుతారు?"

తెలియదంది. రేపే వెళ్లి కనుక్కోమన్నాను.