డెన్వరునుండి పెద్దారవీటికి

మొదటి లేఖ

చిరంజీవి తమ్మునికి అన్న ఆశీస్సులు.

మేము క్షేమముగా డెన్వరు చేరితిమి. ఈ నగరము సముద్రమట్టమునకు 5,280 అడుగుల ఎత్తున, అనగా మన నల్లమల శిఖరములకంటెను మిక్కిలి పైనున్నది. మెట్లెక్కినచో ఆయాసము తోచుచున్నది. ఇక్కడి కొండలను, మంచును గూర్చి వేరొక పర్యాయము వ్రాసెదను. ఈ లేఖ మాత్రము గోలీసోడా పట్టి జీవించు నీ కొఱకే.

మన మేనల్లుడు ఇంటనే బీరు కాచుకొనుచున్నాడు. కోపపడకుము, 1978లో అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన శాసనమువలన, ఇద్దరు పెద్దలున్న యింట ఏడాదికి 200 గ్యాలన్ల వరకు స్వంతమునకు సుంకము లేక కాచుకొనవచ్చును. కాచినదానిని, ఒకప్పుడు శీతలపానీయముల కంపెనీలు వాడిన ఐదు గ్యాలన్ల ఉక్కుపీపాలో నింపి, ఫ్రిజ్జులో నిలిపి, బొగ్గుపులుసు వాయువు సిలిండరు తగిలించి, పైనున్న కుళాయిగుండ గ్లాసులోనికి వదలును. కాని తిప్పినప్పుడెల్ల ముప్పాతిక గ్లాసు నురుగే! వాడు సిలిండరు మీటరును తగ్గించుచు వచ్చెను. తగ్గించిననాడు కుదుటపడినట్లే యుండి, మఱునాటికి నురుగు ఇబ్బడియగును, బీరు చప్పబడును.

నేను ఫ్రిజ్జు తలుపు తీసి పీపానుండి కుళాయికి పోవు గొట్టమును పరికించితిని. తేటగా నుండవలసిన గొట్టములో సన్నని బుడగలు వంపుల పైభాగమున చేరి, ద్రవమును అక్కడక్కడ తెంపి, ఖాళీలు చేసియుండెను. ద్రవములో కరగియుండు వాయువు దానిపైనున్న ఒత్తిడిని బట్టి యుండునని విలియం హెన్రీ 1803లోనే చాటెను గదా. ఒత్తిడి తగ్గినచో ఆ వాయువు దారిలోనే విడివడి, కుళాయికడకు వచ్చుసరికే నురుగై యుండును. నీవు గోలీని లోనికి నొక్కినప్పుడు సోడా పొంగునదియు ఇందువలననే. 1872లో హైరం కాడ్ అను ఆంగ్లేయుడు గోలీసీసాకు పేటెంటు పొందినది ఆ ఒత్తిడిని బంధించుటకే.

కావున పీపాలో ఒత్తిడిని తగ్గింపరాదు. గ్లాసును చేరులోపల దానిని గొట్టములోనే కొంచెము కొంచెముగా వ్యయపఱచవలెను.

రెండవ లేఖ

తమ్ముడా,

మేనల్లుడు పాత ఐదడుగుల గొట్టమును తీసివేసి, అంగుళములో పదునాఱింట మూడు వంతుల లోవ్యాసము గలదానిని 14 అడుగులు చుట్టచుట్టి అమర్చినాడు. గొట్టపు గోడల రాపిడివలన ఒత్తిడి దారిపొడవున తరుగుచు, ద్రవము కుళాయికడ నెమ్మదించును. అడుగునకు 3 పౌనుల ఒత్తిడి తరుగునని పాత పట్టికలు చెప్పును గాని, ఇంటి కుళాయి నుండి వచ్చు మందధారకు అంత తరుగదు. పట్టికను నమ్మి కోసినది కుఱుచయగును. పొడవుగా మొదలిడి, ధార మరీ మందగించినచో కొంచెము కొంచెముగా కోసికొనుట మేలు.

38 డిగ్రీల ఫారన్‌హీటు చల్లదనమున, సముద్రతీరమందు చదరపు టంగుళమునకు 11 పౌనులు చాలును. ఇక్కడ గాలి పలుచన కనుక, 2,000 అడుగుల కొక పౌను చొప్పున కలిపి, మీటరును 14కు చేరువగా నిలిపితిమి. మఱునాడు గొట్టము ఖాళీలు లేక నిండుగా, తేటగా నుండెను. గ్లాసులో బీరు మీద రెండంగుళముల నురుగు మాత్రమే తేలెను. మొదటి గ్లాసే కొంత పొంగెను. ఫ్రిజ్జు పైన నిలిచిన కుళాయి గదివేడికి వెచ్చబడియుండుటయే హేతువు; చిన్న ఫ్యానుతో లోపలి చల్లగాలిని అక్కడికి పంపవలెను. కుళాయిని సగము తిప్పుటయు తగదు. ఒక్కసారిగా పూర్తిగా తెఱువవలెను.

నీవు వేసవిలో వెచ్చని బోరునీటితోనే సోడా పట్టుచున్నావు. చల్లని నీట వాయువు అధికముగా కరగును. ఐసులో నీటిని చల్లార్చి పట్టి, గోలీ నొక్కినప్పుడు ఎంత పొంగునో చూచి నాకు వ్రాయుము. అమ్మకు నమస్కారములు, పిల్లలకు దీవెనలు.