పసిపాపతో వినోదవనయాత్ర

మూడేండ్ల పిల్లను వెంటబెట్టుకొని బెంగుళూరి కవతలనున్న వండర్లాకు పోయి వచ్చితిమని తెలిసినది మొదలు మా యూరి యిల్లాండ్రు పలువురు వచ్చి, పిల్ల యేడ్వలేదా, ఏమి కట్టుకొని పోతిరి, అన్నము సంగతి యేమి చేసితిరని యడుగుచున్నారు. ఒక్కొక్కరికి వేర్వేరుగా జెప్పుటకంటె ఇచట వ్రాయుటయే మేలని తోచినది.

మాది కురబలకోట. సంతయు, ఆసుపత్రియు, సినిమాయు మాకన్నియు మదనపల్లెయే. పిల్లల వేడుకకు మా ప్రాంతమున జాతరలును, ఆ జాతరలలో వచ్చు రంగులరాట్నమును ఉన్నవి. నిరుటి జాతరలోనే మా పాప పావుగంటసేపు కనబడకపోయెను. బుడగలవానిని చూచుచు మా చేయి విడిచినది. గుంపులో చీరకుచ్చెళ్లును పంచెల యంచులును తప్ప మఱేమియు కానరాని యెత్తు దానిది. పిలిచి పిలిచి మా గొంతు పోయినది. తుదకొక గాజుల యంగడి కడ ఎవరో ముదుసలి యొడిలో కూర్చుండి బొరుగులు తినుచుండెను. దానికేమియు జరిగినట్లే లేదు. మాకు మాత్రము నాటినుండి గుంపన్న మాట వినబడిన చాలు, చేయి తడుముకొనుట యలవాటైనది.

కావున మావారు వండర్లా మాట యెత్తినపుడు మేము మొదట వలదంటిమి. ఆ యేడు టమోటా ధర కొంచెము పలికినది. చేత నాలుగు డబ్బులుండగానే పోయిరావలెనని వారి పట్టు. ఆ వనము మైసూరు దారిలో బిడది కడ నున్నది. 2000లో కొచ్చిలో వీగాలాండును స్థాపించినవారే 2005లో దీనిని తెఱచిరి. మా యింటినుండి నూటయేబది కిలోమీటర్లకు మించిన దారి. అంత దూరము పసిబిడ్డ తాళునా?

ముందుగా పరీక్ష చూతమని పాపను హార్సిలీ కొండకు కొనిపోయితిమి. అది మాకు దగ్గఱ. కడప కలెక్టరు హార్సిలీ దొర వేసవి బంగళా కట్టుకొనుటచే ఆ పేరు వచ్చెను గాని, మా పెద్దలకది యేనుగు మల్లమ్మ కొండయే. ఏనుగులు పెంచిన పిల్ల మల్లమ్మ కథ చెప్పుచు దారి గడుపుదమని మేమనుకొంటిమి. రెండవ మలుపునకే పాప కడుపులోని పాలన్నియు మా చీరపై పడినవి! కథ యక్కడనే యాగిపోయినది. ఆ చీర పాడైననేమి, ఒక సంగతి తెలిసినది. ప్రయాణమునకు ముందు పాలు పట్టరాదు; ఇడ్డెన యొకటి, రెండు గుక్కల నీళ్లు చాలును. పొద్దుననే బయలుదేరి ఏకబిగిని పోవుట పాపకు తగదని ముందునాటి సాయంకాలమే చింతామణి మీదుగా బెంగుళూరు చేరి, మా యాడుబిడ్డ యింట రాత్రి నిద్రించుటకు నిశ్చయించితిమి. వాంతులైన బిడ్డ నీరసింపకుండుటకు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, రెంటిని తలకొట్టి కొలిచి కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. ఇది తల్లులందఱును కంఠస్థము చేయదగినది.

అచట టిక్కెట్టు వయస్సునుబట్టి కాదు, ఎత్తునుబట్టి. మేము పోయిననాటి నియమము ప్రకారము 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు రుసుము లేదు. పాపను గోడకానించి గీత గీచి కొలువగా 93 వచ్చెను. అత్తగారు గీతను మరల మరల చూచి, "ఆడికి పోయినాక కొంచెం మోకాళ్లు వంచి నిలబడమంటే సరిపాయె" అనిరి. మేము నవ్వితిమి గాని, ఇది నవ్వి విడువదగిన మాట కాదు. పెద్ద యంత్రముల కడ ఎత్తు కొలుచుట డబ్బుకొఱకు కాదు. కూర్చున్నవారి తొడలపైకి దిగు ఇనుపకడ్డీ పెద్దల శరీరమునకు తగినట్లు చేసినది; చిన్నదేహము దానిక్రిందనుండి జారిపోవచ్చును. కడపటికి పాపకు పిల్లల టిక్కెట్టు కొంటిమి. సెలవుదినములందు వెలయు హెచ్చు, జనమును హెచ్చు. సంక్రాంతి సెలవులు ముగిసిన పిమ్మట ఒక బుధవారము నేర్పఱచుకొంటిమి.

గుంపు భయమొకటి యుండెను గదా. పాప ముంజేతి లోపలివైపున మావారి ఫోను సంఖ్య కలముతో వ్రాసి, గౌను లోపల అదే సంఖ్య గల గుడ్డపీలిక కుట్టితిమి. పచ్చని తోటలో పచ్చగౌను కనబడదని కుంకుమరంగుది తొడిగితిమి. ఉదయమే ఆ గౌనుతో ఒక ఫోటో తీసితిమి. బిడ్డ తప్పినపుడు ఏ బట్ట కట్టినదో తల్లికి నోట మాట రాదు, మాకది యనుభవము. నీ యూరేదని యడిగిన "కుయ్యబలకోట" యని చెప్పుట పది దినములలో నేర్చినది. అమ్మ పేరేమన్నచో మాత్రము "అమ్మ" యనును. ఎంత నేర్పినను అంతే.

బట్టల సంగతి సోదరీమణులు తప్పక గమనింపవలెను. నీటియాటలకు నూలుబట్టలును చీరలును పనికిరావు. నూలు నీరు పీల్చి బరువెక్కును, దాని పోగులు నీటిని వడగట్టు యంత్రములలో చిక్కును. చీరకొంగు దేనికైనను చుట్టుకొనిన ప్రాణాపాయము. నైలాను బట్టలు ముందే కుట్టించుకొని పోవుట మేలు. అత్తగారు చీర విడువనని ముందే చెప్పిరి గనుక ఆమె ఒడ్డుననే కూర్చుండునట్లు ఒప్పందమయ్యెను.

బయటి తినుబండారములు లోనికి రానీయరు. పసిపిల్లల యాహారమునకు అడ్డు లేదు గనుక రాగిజావ సీసాతో పోనిచ్చిరి. అత్తగారు కొంగు మాటున దాచిన నిప్పట్ల పొట్లము మాత్రము కారులోనే మిగిలినది. నలువురము బండి కడ నిలువబడి సగము తినియే లోనికి పోయితిమి.

ఇట్టి వనములకెల్ల పెద్దదిక్కనదగిన డిస్నీలాండును వాల్టు డిస్నీ 1955 జూలై 17న అమెరికాలోని కాలిఫోర్నియాలో తెఱచెను. తన కూతుండ్రు రంగులరాట్నమెక్కి తిరుగుచుండగా తాను బల్లపై ఊరక కూర్చుండి, తల్లిదండ్రులును బిడ్డలును కలిసి యాడుకొను చోటొకటి యుండవలెనని తలచితినని ఆయన చెప్పెను. తెఱచిననాడు ఎండకు క్రొత్త తారు మెత్తబడి స్త్రీల చెప్పుల మడమలు దిగబడెనట. కుళాయిపనివారి సమ్మెచే త్రాగునీరు చాలలేదట. డెబ్బదియేండ్లైనను బిడ్డతో పోవు తల్లికి చెప్పులును నీళ్లునే ముఖ్యము. మేము మడమలేని చెప్పులతోనే పోతిమి.

పదునొకండు గంటలకు తలుపులు తీసిరి. మొదట చిన్నపిల్లల బొమ్మబండ్లు. వరుసలు పెరుగకమునుపే పాప నాలుగింట నెక్కినది. పండ్రెండింటికి చీలమండలోతు నీటిలో దింపితిమి. పసిబిడ్డకు జానెడు నీరైనను చాలును, చప్పుడు లేకుండనే మునుగును. కావున చేతికందు దూరము మించి మేము కదలలేదు. జనవరి నీరు చల్లన. పది నిమిషములకే పెదవులు నీలివన్నె తిరిగినవి. కేకలు పెట్టుచున్నను ఎత్తి తువాలు చుట్టితిమి. ఒంటిగంటకు, ఇంటికడ నిద్రించు వేళకే, అత్తగారి యొడిలో నీడపట్టున నిద్రపోయినది.

ఇచట నొక నిజము చెప్పవలెను. పాపకొఱకని యందఱితో చెప్పితిమి గాని, పోవలెనని లోపల కోరినది మేమే. పదునాఱేండ్లప్పుడు జాతరలో పెద్దచక్రమెక్కుదుమని మారాము చేసినపుడు, ఆడపిల్లకది తగదని నాయన చేయి పట్టి యీడ్చుకొని పోయెను. తరువాత పెండ్లి, కాపురము, బిడ్డ. ఆ మాట మావారితోనైనను అనలేదు. అత్తగారెట్లు గ్రహించిరో, ఆకసమున గిరగిర తిరుగు యంత్రమువైపు మా చూపు పోవుట కనిపెట్టి, "నువ్వు పోమ్మే. నిద్దరబోయే బిడ్డను నేను చూసుకుంటా" అనిరి.

పోతిమి. పైకెత్తినపుడు కొబ్బరిచెట్లు కాళ్లక్రిందికి పోయినవి. మావారు కన్నులు మూసికొనిరి, మేము మూయలేదు. అంత గట్టిగా అరచుట జాతరలో పాప తప్పిననాడు తర్వాత అదే మొదలు. ఆ యరపు వేఱు.

నవ్వుచు తిరిగివచ్చి చూతుముగదా, బల్ల ఖాళీ! తువాలు మాత్రమే యుండెను. ఫోను చేయబోయి చూడ అత్తగారి ఫోను మా సంచిలోనే మ్రోగినది. అన్ని యేర్పాట్లు చేసిన మేము, పెద్దామె ఫోను పెద్దామె చేతికిచ్చుట మఱచితిమి. కుంకుమరంగు గౌను చూచితిరా యని ఎదురైనవారినెల్ల అడుగుచు పరుగెత్తితిమి. కాళ్లు తడబడినవి. ఊడ్చుచున్న అమ్మాయి యొకతె రంగులరాట్నమువైపు వ్రేలు చూపెను.

అచట తెల్లని కొయ్యగుఱ్ఱముపై అత్తగారు ప్రక్కకు తిరిగి కూర్చుండి, ఒకచేత కడ్డీని, ఒకచేత పాపను పట్టుకొని తిరుగుచుండిరి. కొంగు నడుమున బిగించియుండెను. మమ్ము చూచి కొంచెము సిగ్గుపడి, "లేచి ఏడ్చిందమ్మే, ఎక్కిచ్చినా. దిగమంటే దిగదు" అనిరి.

పాప రెండు చేతులును మావైపు చాచి, "అమ్మా, దింపు" అనుచుండెను. రాట్నమాగినది. అత్తగారు పాపను మాకందిచ్చిరి. తాము మాత్రము గుఱ్ఱము దిగలేదు.