జేబులో చిన్న చాకు

మేము ముగ్గురం అజ్మాన్ పారిశ్రామిక వాడలో ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసు గుమాస్తాలం. ముగ్గురమూ ఇంటర్మీడియెట్ దాకా చదివినవాళ్లమే. టైమ్ షీట్లు రాయడం, పాస్‌పోర్టుల గడువు చూడడం, గేట్ పాసులు, సెలవు కాగితాలు, ఎవరికైనా దెబ్బ తగిలితే ఆస్పత్రి ఫారాలు నింపడం మా పని. ఉండేది మాత్రం మీలాగే క్యాంపులోనే. అందుకే కాగితాలతో పాటు రకరకాల ప్రశ్నలు కూడా మా గదికే వస్తాయి. వాటిలో తరచుగా వచ్చేది ఒకటి: "అన్నా, జేబుల పెట్టుకోను చిన్న చాకు ఏది కొనాలె?"

వినడానికి చిన్న ప్రశ్నే. కానీ మేము నింపే ఫారాలు చూస్తే దాని వెనక ఒక వేలు, ఒక ఉద్యోగం, ఒక్కోసారి ఒక కుటుంబం కనిపిస్తాయి. అందుకే మేము చూసింది, తెలుసుకున్నది నాలుగు మాటల్లో రాస్తున్నాం.

ముందుగా, చాకు దేనికి? ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని ఆపేస్తారు కదా, ఆ విరామంలో ఒక మామిడికాయో, ఉల్లిగడ్డో కోసుకోవడానికి. పాల ప్యాకెట్టు చింపడానికి, సుతిలి తాడు తెంపడానికి, కార్టన్ టేపు కోయడానికి. అంతే. సైటు మీద కేబులు, జిప్సం బోర్డు, కార్పెట్ లాంటివి కోయాలంటే కంపెనీ ఇచ్చిన పనిముట్టునే అడిగి తీసుకోండి. సొంత చాకుతో కంపెనీ పని చేయవద్దు. దెబ్బ తగిలితే ఫారంలో "ఏ పనిముట్టు, ఎవరు ఇచ్చారు" అనే గడి ఉంటుంది. ఆ గడి దగ్గర మా కలం ఆగిపోతుంది.

ఇక సైజు. అలుగు మీ నాలుగు వేళ్ల వెడల్పు దాటకూడదని మేము చెబుతాం. కాయ కోయడానికి అంతకంటే పొడవు అక్కర్లేదు. బరువు కూడా చూడాలి. ప్యాంటు జేబులో బరువైన వస్తువు ఉంటే మెట్లెక్కేటప్పుడు తొడకు కొట్టుకుంటుంది, జేబు చిరుగుతుంది, నాలుగో రోజున పెట్టెలోకి పోతుంది.

చిన్న చాకుల్లో పేరున్నది స్విట్జర్లాండువాళ్లది. కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన 1884లో అక్కడి ఇబాక్ అనే ఊళ్లో కత్తుల కార్ఖానా పెట్టాడు. 1897లో ఆఫీసర్ల చాకుకు హక్కులు రాయించుకున్నాడు. ఆ కంపెనీయే నేటి విక్టోరినాక్స్. వాళ్ల చిన్న రకం మడిస్తే 58 మిల్లీమీటర్లు, బరువు సుమారు 21 గ్రాములు. అంటే మూడు, నాలుగు దిర్హం నాణేల బరువు. చాకుతో పాటు చిన్న కత్తెర, గోళ్ల ఆకురాయి కూడా ఉంటాయి. చూసినవాళ్లెవరికీ భయం వేయదు. అదే దాని పెద్ద గుణం. ఎర్ర పిడి, తెల్ల గుర్తు వేసి పది దిర్హాములకు అమ్మే నకళ్లు కూడా మార్కెట్లో ఉంటాయి. వాటిని కొనే ముందు తెరిచి మూసి చూడండి. అలుగు పక్కలకు ఊగితే వదిలేయండి.

రెండో రకం ఫ్రాన్సువాళ్ల ఒపినెల్. కొయ్య పిడి, ఒకటే అలుగు. సవోయ్ కొండ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890 ప్రాంతంలో మొదలుపెట్టాడు. రైతులు, కూలీలు రొట్టె కోసుకునే చాకు అది. 1955లో దానికి తిప్పితే బిగిసే ఒక ఉంగరం చేర్చారు. తెరిచాక ఉంగరం తిప్పితే అలుగు వెనక్కి మడవదు.

ఈ బిగింపు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మామూలు చాకులో అలుగును పట్టి ఉంచేది ఒక స్ప్రింగు మాత్రమే. కిందికి నొక్కి కోసినంత సేపు పరవాలేదు. మొనతో గుచ్చినా, ఏదైనా పెకిలించినా స్ప్రింగు ఓడిపోయి అలుగు వేళ్ల మీదికి మూసుకుంటుంది. మా క్యాంపులో జగిత్యాల వైపు తమ్ముడు ఒకడు పెయింట్ డబ్బా మూత అలాగే లేపబోయాడు. చూపుడు వేలి నరం తెగింది. ఐదు వారాలు పనిలేదు. ఇంటికి పంపే డబ్బు ఆగిపోయింది. వాళ్ల నాయిన ఆఫీసుకు ఫోను చేసి "బిడ్డా, వేలు మళ్లీ వంగుతదా?" అని అడిగితే మా నోట మాట రాలేదు. ఇప్పుడు వేలు వంగుతుంది గానీ పూర్తిగా పిడికిలి పడదు. చాకు కోయడానికే, పెకిలించడానికి కాదు అని ఆ తమ్ముడే ఇప్పుడు కొత్తవాళ్లకు చెబుతున్నాడు.

ఇనుము మాట. మన అజ్మాన్ సముద్రం ఒడ్డు. ఎండాకాలం గాలిలోనే తడి, ఒంటి మీద ఉప్పు చెమట. మామూలు కార్బన్ ఉక్కు పదును బాగా పడుతుంది గానీ ఇక్కడ వారం రోజుల్లోనే తుప్పు మచ్చలు లేస్తాయి. కనీసం 10.5 శాతం క్రోమియం కలిసిన స్టెయిన్‌లెస్ రకం నయం. దానికీ తుప్పు అసలే రాదని కాదు, ఆలస్యంగా వస్తుంది. నిమ్మకాయ, మామిడికాయ కోశాక నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, మడత దగ్గర ఒక చుక్క నూనె వేయండి. సానరాయి లేకపోతే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున గరుకుగా ఉండే అంచు మీద నెమ్మదిగా రాయండి. పదును వస్తుంది. మొద్దు చాకే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే బలంగా నొక్కితే జారుతుంది.

ఇప్పుడు అసలు మాట. సినిమాల్లో చూసి బటన్ నొక్కితే టక్కున తెరుచుకునే చాకు కొనాలని కుర్రవాళ్లకు ఉబలాటం. దయచేసి వద్దు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింది నియమాల్లో 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు అనే కొలతలున్నాయి. ఇంటి, పొలం పనిముట్లకు మినహాయింపు ఉంది. ఆ లెక్క మనసులో పెట్టుకుని ఇక్కడ తిరగకూడదు. ఇక్కడ పోలీసు ఆపితే ముందు వచ్చే ప్రశ్న "ఇది నీ దగ్గర ఎందుకుంది?" అని. టిఫిన్ డబ్బాలో ఉల్లిగడ్డ పక్కన ఉన్న చిన్న చాకుకు జవాబు ఉంటుంది. రాత్రి పదకొండు గంటలకు రోడ్డు మీద జేబులో ఉన్న బటన్ చాకుకు జవాబు ఉండదు. సెలవు రోజు నుయిమియా వైపో, బీచికో పోయేటప్పుడు చాకు గదిలోనే ఉండాలి. కోర్టుకు, ఆస్పత్రికి, కాన్సులేటుకు పోయేటప్పుడు కూడా అంతే.

గది గొడవలు ఎంత దూరం పోతాయో మనకు తెలియనిది కాదు. పక్కనే షార్జాలో 2009 జనవరిలో దొంగ సారా వ్యాపారం గొడవలో ఒక పాకిస్తానీ చనిపోతే, 2010 మార్చిలో 17 మంది భారతీయులకు కోర్టు మరణశిక్ష వేసింది. మృతుడి కుటుంబం దియా సొమ్ము తీసుకుని క్షమించాకే వాళ్లు బతికి బయటపడ్డారు. కోపం అరగంటలో దిగిపోతుంది. ఆ అరగంటలో చేతికి అందేది ఏమిటన్న దాని మీద మిగతా జీవితం ఆధారపడుతుంది. కొనే చాకు పండు కోసేదిగా ఉండాలి, మనిషిని బెదిరించడానికి పనికొచ్చేదిగా ఉండకూడదు. తాగే అలవాటున్న గదిలోనైతే చాకును పెట్టెలో పెట్టి తాళం వేయడమే మేలు.

చివరగా విమానాశ్రయం. 2001 సెప్టెంబరు 11న అమెరికాలో విమానాలను హైజాక్ చేసినవాళ్లు చిన్న కత్తులు వాడారని తేలాక ప్రపంచమంతా తనిఖీలు బిగిశాయి. మన దేశపు నియమాల ప్రకారం చేతి సంచిలోనూ, జేబులోనూ చాకు ఉండకూడదు. బరువు తూచి లోపలికి పంపే సామానులో పెట్టుకోవచ్చు. ఇక్కడి నుంచి పోయేటప్పుడూ ఇదే జాగ్రత్త.

తెలిసి కూడా మనవాళ్లు ఎందుకు పోగొట్టుకుంటారంటే, కార్టన్‌కు చివరి ముడి వేసి తాడు తెంపేది ఆ చాకుతోనే. తెంపాక అలవాటుగా జేబులోకి పోతుంది. నిజామాబాద్ వైపు పెద్దాయన ఒకరు ఇరవై రెండేళ్ల సర్వీసు ముగించుకుని పోతూ వాళ్ల నాయిన ఇచ్చిన కొమ్ము పిడి చాకును అలాగే జేబులో వేసుకుపోయారు. తనిఖీ దగ్గర ఆపారు. కార్టన్ అప్పటికే లోపలికి పోయింది. అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పాడట, నియమం నియమమే. చాకు ట్రేలో వదిలి ఆయన విమానం ఎక్కారు. ఊరు చేరి ఫోను చేసినప్పుడు ఫైనల్ సెటిల్‌మెంట్ సొమ్ము గురించి ఒక్క మాట అడగలేదు. "ఆ చాకు దొరుకుతదా బాబూ?" అనే అడిగారు. దొరకలేదు.

కాబట్టి ప్రయాణం ముందు రోజు రాత్రే చాకును బట్టల మధ్య చుట్టి కార్టన్ అడుగున పెట్టేయండి. చివరి తాడు తెంపడానికి గదిలోవాళ్ల కత్తెర అడగండి.

మా ముగ్గురిలో ఇద్దరి దగ్గర చిన్న ఎర్ర చాకు ఉంది, ఒకరి దగ్గర ఉంగరం బిగించే కొయ్య పిడి చాకు ఉంది. ఏది మంచిదని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటాం. ఒక్క విషయంలో మాత్రం ముగ్గురిదీ ఒకే మాట: కొనబోయే ముందు దాన్ని అరచేతిలో పెట్టుకుని, ఇది అమ్మ చూస్తే ఏమంటుందో అనుకోండి. "కాయ కోసుకుంటావా బిడ్డా" అంటుందనిపిస్తే కొనండి. "ఇదెందుకురా నీకు" అంటుందనిపిస్తే దుకాణంలోనే వదిలేసి రండి.