ఎడమ చెవి, ఎడమ కాలు

ఈ సంచికకి "మీ ఇష్టాలు ఎక్కడ మొదలయ్యాయి" అనే టాపిక్ మీద రాయమని మా క్లబ్ వాళ్ళు అడిగినప్పుడు నేను పెద్దగా ఆలోచించాల్సిన పని లేకపోయింది. నాకున్నవి రెండే ఇష్టాలు. పాటలు, ఫుట్‌బాల్. రెండూ నా సొంతం కావు. అక్క పాత స్కూల్ బ్యాగు, పాత సైకిల్ నాకు ఎలా వచ్చాయో ఇవీ అలాగే వచ్చాయి. బ్యాగు చిరిగిపోయింది, సైకిల్ ఎవరికో ఇచ్చేశాం. ఈ రెండు మాత్రం మిగిలాయి.

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్. మధ్యలో ఇంగ్లీషు ముక్కలు దొర్లితే సర్దుకోండి. ఉన్న కాస్త తెలుగు కూడా అక్క పుణ్యమే. అది తర్వాత చెప్తాను.

అక్క నాకన్నా ఆరేళ్ళు పెద్ద. మా ఇల్లు సికింద్రాబాద్‌లో నేరేడ్‌మెట్ వైపు. ఇంటి వెనక చాలా ఏళ్ళు ఒక ఖాళీ స్థలం ఉండేది, ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్ వచ్చింది. అటు రెండు రాళ్ళు, ఇటు రెండు రాళ్ళు పెడితే గ్రౌండ్ రెడీ. సాయంత్రం కాలనీ పిల్లలు ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు. అందరూ అబ్బాయిలే. అక్క వెళ్ళి నేనూ ఆడతానంటే గోల్‌కీపర్‌గా నిలబెట్టారు, ఎందుకంటే ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి. నెల తిరిగేసరికి అక్క మధ్యలో ఆడుతోంది, నిలబెట్టినవాడు గోల్‌లో ఉన్నాడు. నా డ్యూటీ గోడ మీద కూర్చుని అందరి చెప్పులు, వాటర్ బాటిళ్ళు కాపలా కాయడం.

ఇంటికి వచ్చాక అక్క నాకు పరీక్ష పెట్టేది. "మూడో గోల్ ఎట్ల వచ్చింది చెప్పు" అనేది. ఎవరు కొట్టారో చెప్పేదాన్ని. "అది అందరికీ తెలుసే. కొట్టినోడికి జాగా ఎవరు చేసిన్రు?" అనేది. నాకు తెలిసేది కాదు. అప్పుడు చెప్పేది: "బంతిని ఏం చూస్తవ్, అది ఎటూ పోదు. బంతి లేనోళ్ళు ఏం చేస్తున్నరో చూడు."

ఆరేళ్ళ పిల్లకి ఇదేం అర్థమవుతుంది? కానీ ఆలోచిస్తే నిజమే కదా. 22 మంది ఆటలో బంతి ఒక్కటే. 90 నిమిషాల మ్యాచ్‌లో ఎంత గొప్ప ఆటగాడి కాళ్ళ దగ్గరైనా బంతి ఉండేది రెండు మూడు నిమిషాలు. మిగతా సమయమంతా అతను చేసే పనే అసలు ఆట. ఎవరో ఒకరు డిఫెండర్‌ని తనవైపు లాక్కుని పక్కకు పరిగెత్తితేనే ఇంకొకరికి ఖాళీ దొరుకుతుంది. ఆ పరిగెత్తినవాడి పేరు స్కోర్‌బోర్డు మీద ఉండదు.

పాటలు కూడా అక్క ఇలాగే నేర్పింది. మేమిద్దరం ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం. ఇంట్లో ఒకటే ఇయర్‌ఫోన్స్ సెట్. కుడి చెవిది అక్కకి, ఎడమ చెవిది నాకు. రాత్రి లైట్ ఆపాక మూడు పాటలు, ఎక్కువైతే అమ్మ అరుస్తుంది. అక్క ఎక్కువగా పెట్టేది ఇళయరాజా. 'గీతాంజలి' వచ్చింది 1989లో, అప్పటికి అక్క కూడా పుట్టలేదు. అయినా ఆ పాటలు మా ఇద్దరికీ నోటికొచ్చు.

"పాడే గొంతు అందరికీ వినపడుతది. దాని కింద ఏముందో విను" అనేది. కింద అంటే బేస్ గిటార్. మొదట్లో నాకు ఏమీ వినపడేది కాదు. గొంతు, తబలా, అంతే. అక్క చీకట్లో నా మోచేతి మీద వేలితో ఆ బేస్ ఎలా నడుస్తోందో తట్టి చూపించేది. కొన్ని వారాలకి ఒకరోజు ఠక్కున వినపడింది. పాట కింద ఇంకో పాట నడుస్తున్నట్టు. ఇక ఆ తర్వాత వినకుండా ఉండమన్నా నావల్ల కాలేదు. ఇప్పటికీ కొత్త పాట వస్తే నేను ముందు పట్టుకునేది దాన్నే.

అక్క దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. అందులో తనకి నచ్చిన పాటలన్నీ తెలుగులో, గుండ్రటి అక్షరాలతో రాసుకునేది. ఒకవైపు వేటూరి, ఒకవైపు సిరివెన్నెల. 1986లో వచ్చిన 'సిరివెన్నెల' సినిమాతోనే సీతారామశాస్త్రి గారికి ఆ పేరు ఇంటిపేరైపోయిందని కూడా ఆ పుస్తకం అంచున రాసి ఉంది. నన్ను పైకి చదవమనేది. ఒత్తుల దగ్గర ఆగిపోయేదాన్ని. అర్థం తెలియని మాట వస్తే చెప్పేది, కానీ ముందు నన్ను ఊహించమనేది. స్కూల్లో తెలుగు పీరియడ్ నాకు మార్కులు తెచ్చింది. తెలుగు మాత్రం ఆ నోట్‌బుక్ నుంచే వచ్చింది.

ఇక్కడ మన బ్రాంచ్ వాళ్ళకి ఒక విషయం చెప్పాలి. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు కూడా ఇంజినీరింగ్ స్టూడెంటే. అనంతపురం ఇంజినీరింగ్ కాలేజీలో చేరి, టైఫాయిడ్ రావడంతో మానేసి, తర్వాత మద్రాసులో ఏఎంఐఈ చదివారు. అక్క ఈ కథని నాన్న ముందు చాలాసార్లు చెప్పింది. నాన్న ప్రతిసారీ "ఆయన లెక్క వేరు" అనేవాడు.

2016లో అక్క టెన్త్ అయిపోయింది. "ఇంటర్ రెండేండ్లు ఈ ఆటలన్నీ బంద్" అన్నాడు నాన్న. కోపంగా కాదు, కరెంటు బిల్లు కట్టాలి అన్నంత మామూలుగా. అమ్మ "ఎండలో మొహం చూసుకున్నవా" అంది. అక్క ఏమీ అనలేదు. బంతిలో గాలి తీసి, ఒక కవర్‌లో చుట్టి సజ్జ మీద పెట్టింది. రెండేళ్ళు అన్నారు. ఇంటర్ తర్వాత ఎంసెట్, ఎంసెట్ తర్వాత బీటెక్, బీటెక్‌లో ల్యాబులు, ఇంటర్న్‌షిప్‌లు. ఎవరూ మళ్ళీ వద్దనలేదు. కానీ ఎవరూ ఆ బంతి కిందికి దించలేదు. ఆడపిల్లల ఆటలు మన ఇళ్ళలో చాలావరకు ఇలాగే ఆగిపోతాయనుకుంటాను. పెద్ద గొడవేమీ జరగదు, ఒక్క వాక్యంతో అయిపోతుంది.

ఆడటం ఆగింది కానీ చూడటం ఆగలేదు. 2019 మే నెలలో ఒక రాత్రి పన్నెండున్నరకి అక్క నన్ను లేపింది. లివర్‌పూల్, బార్సిలోనా మ్యాచ్. మొదటి మ్యాచ్‌లో లివర్‌పూల్ 3-0తో ఓడిపోయి ఉంది. టీవీ మ్యూట్‌లో పెట్టి చూశాం. 79వ నిమిషంలో అలెగ్జాండర్-ఆర్నాల్డ్ కార్నర్ దగ్గర్నుంచి వెళ్ళిపోతున్నట్టు నడిచి, గిర్రున వెనక్కి వచ్చి కొట్టేశాడు. బార్సిలోనా వాళ్ళు ఇంకా సర్దుకోనేలేదు, ఒరిగి గోల్ వేసేశాడు. 4-0. నేను ఎగిరి గంతేస్తుంటే అక్క నా నోరు మూసి అడిగింది: "వాడికి బంతి అంత తొందరగా ఎవరిచ్చిన్రో చూసినవా?" బయట నిలబడ్డ బాల్ బాయ్. రీప్లేలో చూపించింది. మ్యాచ్ అయ్యాక ఆటగాళ్ళు అందరూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని స్టాండ్ ముందు నిలబడితే స్టేడియం మొత్తం పాట పాడుతోంది. అప్పుడు అక్క టీవీ మ్యూట్ తీసింది, చాలా చిన్న సౌండ్‌తో. ఆ పాట 1945 నాటి ఒక అమెరికన్ సంగీత నాటకంలోదని, 1963లో లివర్‌పూల్ కుర్రాళ్ళ బ్యాండ్ పాడాక గ్రౌండ్‌కి వచ్చిందని నాకు తర్వాత తెలిసింది. నా రెండు ఇష్టాలూ ఒకే చోట కలిసి కనపడటం నాకు అదే మొదటిసారి.

2022 మార్చి 20న ఐఎస్ఎల్ ఫైనల్. మన హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్. కేరళ ముందు గోల్ వేసింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేశాడు. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. ఆ మూడో దానికి నాన్న కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు. అక్క అది గమనించింది. నాకు తెలియదు, తను గుర్తు పెట్టుకుందని.

ఆ ఎండాకాలమే నా టెన్త్ అయిపోయింది. అన్నం తింటుంటే నాన్న మళ్ళీ అదే వాక్యం మొదలుపెట్టాడు. "ఇంటర్ రెండేండ్లు..." అంతవరకే వచ్చింది. అక్క ప్లేట్‌లోంచి తల ఎత్తకుండానే అంది: "నువ్వు నన్ను ఆపినవ్ నాన్నా. నాకు ర్యాంక్ వచ్చింది. ఆపినందుకే వచ్చిందని నీకెట్ల తెలుసు? ఆడినా వచ్చేదేమో. దీన్ని ఆపకు. అప్పుడు తెలుస్తది."

ఎవరూ మాట్లాడలేదు. అమ్మ పెరుగు వడ్డించింది. తర్వాతి ఆదివారం సజ్జ మీద కవర్ లేదు. నాన్న సైకిల్ షాప్‌లో గాలి కొట్టించుకుని వచ్చి బంతి గుమ్మం దగ్గర పెట్టాడు. ఆరేళ్ళు మూలన పడి ఉన్నందుకు ఒకపక్క కుట్లు ఊడాయి, అయినా గాలి నిలిచింది.

రిజల్ట్ కూడా చెప్పాలి కదా. నా ర్యాంక్ అక్క ర్యాంక్ కన్నా వెనకే వచ్చింది. నాన్న ఆ టాపిక్ ఎప్పుడూ ఎత్తలేదు.

నా ఇంటర్ ఫస్టియర్‌లో, 2023 ఫిబ్రవరిలో, తులసీదాస్ బలరాం గారు కోల్‌కతాలో చనిపోయారు. పేపర్లో చదివేదాకా మాకు తెలియదు, ఆయన పుట్టింది అమ్ముగూడలో అని. మాకు పక్కనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచినప్పుడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచినప్పుడు ఆయన టీమ్‌లో ఉన్నారు. ఆ రెండు టీమ్‌లకీ కోచ్ హైదరాబాద్‌కే చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం, ఒక స్కూల్ టీచర్. 'మైదాన్' సినిమా 2024లో వచ్చాక చాలామందికి ఆయన పేరు తెలిసింది. కానీ ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిందంటే ఈ ఊళ్ళోనే ఎవరూ నమ్మరు.

అక్కకి అన్నిటికన్నా నచ్చింది వేరే విషయం. రహీం సాబ్ కుర్రాళ్ళకి బలహీనమైన కాలితోనే ఆడాలి అనే రూల్‌తో పోటీలు పెట్టేవారట. ఇక నా పని అయిపోయింది. ఆ రోజు నుంచి ఆదివారాలు ఎడమ కాలే. మొదటి నెల బంతి పక్కింటి వాళ్ళ బట్టల మీదికి తప్ప ఎటూ వెళ్ళలేదు. ఇప్పుడు మా టీమ్‌లో నన్ను ఎడమవైపు ఆడిస్తారు. నాది పుట్టుకతోనే ఎడమ కాలు అనుకుంటారు.

2023 చివర్లో అక్క ఎంఎస్ కోసం జర్మనీ వెళ్ళింది. ఇయర్‌ఫోన్స్ నాకు వదిలేసింది. ఆ రాత్రి మొదటిసారి రెండూ నా చెవుల్లోనే పెట్టుకుని మా పాత పాట ఒకటి విన్నాను. పాట మారిపోయినట్టు అనిపించింది. కుడివైపు నేను ఎప్పుడూ వినని వయొలిన్లు ఉన్నాయి. స్టీరియో రికార్డింగ్‌లో కొన్ని వాయిద్యాలు ఎడమకి, కొన్ని కుడికి పంచుతారు. గొంతు, బేస్ సాధారణంగా మధ్యలో ఉంటాయి కాబట్టి రెండు చెవులకీ వస్తాయి. అంటే ఇన్నేళ్ళూ నేను సగం పాట విన్నాను, అక్క సగం పాట వింది. ఇద్దరికీ కలిపి వచ్చింది గొంతు, దాని కింద బేస్. మంచం ఆవైపు ఖాళీగా ఉంది. నేను కుడిది తీసేసి పక్కన పెట్టి పడుకున్నాను.

పెద్దవాళ్ళ వెనక నడిచి వచ్చినవాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు. ఇళయరాజా చిన్నప్పుడు అన్నయ్య పావలర్ వరదరాజన్ బృందంతో ఊరూరా తిరిగే పాట నేర్చుకున్నారు. 1962 ఫైనల్‌లో గోల్ వేసిన పీకే బెనర్జీ తమ్ముడు ప్రసూన్ కూడా ఇండియాకి ఆడాడు. అన్నయ్య బాలు, చెల్లెలు శైలజ మనకి తెలిసిందే. అన్నలు అక్కలు మనకి ఇచ్చేది ఇష్టం కాదనిపిస్తుంది. ఇష్టం ఎవరైనా ఇస్తారు, యూట్యూబ్ కూడా ఇస్తుంది. వాళ్ళు ఎటు చూడాలో, ఏం వినాలో చూపిస్తారు. కొన్నిసార్లు మన కోసం ఒక వాక్యాన్ని మధ్యలో ఆపుతారు.

రెండు నెలల కింద అక్క ఒక వీడియో పంపింది. వాళ్ళ యూనివర్సిటీలో శుక్రవారం సాయంత్రాలు అమ్మాయిలు ఫుట్‌బాల్ ఆడతారట. తొమ్మిదేళ్ళ తర్వాత ఆడుతోంది. ఆ వీడియోలో అక్క దగ్గర బంతి ఉన్నది నాలుగు సెకన్లు. మిగతా అంతసేపూ ఖాళీల్లోకి పరిగెడుతూనే ఉంది. నాన్న నా ఫోన్ తీసుకుని రెండుసార్లు చూశాడు. "దానికి షూస్ ఉన్నయా, అడుగు" అన్నాడు.

నిజామాబాద్ జిల్లాలో ఒక తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఇండియాకి ఆడుతోంది, 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్‌కి కూడా ఆడింది. మన కాలేజీలో ఇంతమంది అమ్మాయిలం ఉండి టీమ్‌లో ఉన్నది ఏడుగురమే. 11 మంది కావాలి. ఆదివారం పొద్దున ఆరింటికి గ్రౌండ్‌కి రండి. ఆడటం రాకపోయినా పర్లేదు. మొదటి రోజు గోడ మీద కూర్చుని చెప్పులు కాపలా కాసినా చాలు. బంతిని మాత్రం చూడకండి.