గండికోట గుడారం వెనక...

పులివెందుల దాటి ముద్దనూరు దారి పడితే కాసేపటికి తొండూరు వస్తుంది. చీనీ తోటలు, శనగ చేలు, రోడ్డు పక్కన టీ కొట్లు. కదిరి మీదుగా బెంగళూరు నుంచి వచ్చే కార్లు చాలావరకు ఇక్కడ ఆగవు. వాటి చూపంతా ముందున్న గండికోట మీదే. ముద్దనూరు, జమ్మలమడుగు దాటి ఎర్రమల కొండలెక్కితే... ఎర్రటి రాతిని నిలువునా కోసుకుంటూ పారే పెన్న, ఆ అంచున కోట, కోట దగ్గర గుడారాలు. సూర్యోదయాన్ని చూసి ఔరా అనుకోని వాళ్లుండరు.

అంతా బాగానే ఉంది. మరి పొద్దున్నే ఆ గుడారాల వాళ్లంతా ఎక్కడికి వెళ్తారు? వాళ్లు వాడిన నీళ్లు ఎటు పోతాయి?

అడగడానికి మొహమాటపడే ప్రశ్నే. కానీ గండికోట అందం నాలుగు కాలాలు నిలవాలంటే ముందు అడగాల్సింది ఇదే.

రాయి నీళ్లు తాగదు!

తొండూరులో ఓ ఇల్లు కట్టుకుంటే పెరట్లో గుంత తవ్వి సెప్టిక్ ట్యాంకు కట్టించుకోవచ్చు. పైకి తేలిన నీటిని ఇంకుడు గుంతలోకి వదిలితే మట్టి దాన్ని వడగడుతుంది. కొండ మీద ఆ వీలు లేదు. అక్కడున్నది గట్టి రాయి. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాతి పొరకు పెట్టిన పేరే ‘గండికోట క్వార్ట్‌జైట్’. మట్టి పొర పలచన. నీళ్లు పోస్తే ఇంకవు. వాలు చూసుకుని జారిపోతాయి, లేదంటే పగుళ్లలోకి దూరతాయి.

నిజానికి కోటకు ఈ రాయి వరమే. వాన నీరు ఇంకిపోదు కాబట్టే రాయల చెరువు, కత్తుల కోనేరు వంటివి కొండ మీద నిలిచాయి. పెమ్మసాని నాయకుల కాలంలోనూ, 1650లో మీర్ జుమ్లా కోటను పట్టుకున్న తర్వాతా ఇంతెత్తున జనం బతకగలిగారంటే ఆ నీళ్ల చలవే. మంచినీటిని ఇంకనీయని రాయి మురికినీటిని మాత్రం ఎందుకు ఇంకనిస్తుంది?

పోనీ, రాతిని తొలిచి ట్యాంకు కడదామంటే చట్టం ఒప్పుకోదు. గండికోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. అలాంటి కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషేధం. ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి.

ఇక కిందికి చూద్దాం. కోట పక్క నుంచి పారే పెన్న మైలవరం జలాశయంలో చేరుతుంది. అక్కణ్నుంచి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా సాగిపోతుంది. మనం అంచున నిలబడి ఫొటో తీసుకునే ఆ నీరు, కింద ఎవరింట్లోనో బిందెలోకి చేరే నీరే.

ఎన్ని నీళ్లు?

చిన్న లెక్క వేద్దాం. యాభై గుడారాలు, వంద మంది అనుకోండి. తలా ఒక బకెట్ స్నానం... 20 లీటర్లు. మామూలు ఫ్లష్ ఒక్కసారి లాగితే ఎనిమిది లీటర్లు. రోజుకు ఐదుసార్లంటే 40. మొత్తం వంద మందికి 6 వేల లీటర్లు! ఊళ్లో తిరిగే 5 వేల లీటర్ల నీళ్ల ట్యాంకరు నిండిపోయి ఇంకా మిగులుతుంది. ఇది ఒక్క రోజు లెక్క. పైకి నీళ్లు మోసుకొచ్చే ట్యాంకరును అందరూ చూస్తారు. కిందికి మోసుకెళ్లాల్సిన ట్యాంకరు సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ముద్దనూరు స్టేషను చెప్పే పాఠం

కదిలే మరుగుదొడ్డి మనకు కొత్తేం కాదు. ముంబయి-చెన్నై రైలు మార్గంలో ఉన్న ముద్దనూరునే చూడండి. ఒకప్పుడు ఇటు వెళ్లే రైళ్లన్నీ అంతా పట్టాల మీదే వదిలేసేవి. రైల్వే శాఖ, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో కలిసి బయో టాయిలెట్‌ను తెచ్చాయి. బోగీ అడుగున ట్యాంకు. అందులోని బ్యాక్టీరియా మలాన్ని నీరుగా, వాయువులుగా మార్చేస్తుంది. 2019 చివరికల్లా దాదాపు ప్రయాణికుల బోగీలన్నింటికీ ఇవి వచ్చేశాయి. వేల కిలోమీటర్లు తిరిగే రైలుకు సాధ్యమైంది, నిలబడి ఉన్న గుడారానికి కాదా!

నల్ల ట్యాంకు, బూడిద ట్యాంకు

కారవాన్ అంటే మనకు సినిమా తారలే గుర్తొస్తారు. ఇప్పుడు పర్యాటకులకూ అవి అందుబాటులోకి వస్తున్నాయి. కేరళ 2021లోనే కారవాన్ విధానం తెచ్చింది. ఈ చక్రాల ఇంట్లో సాధారణంగా మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్లకు. రెండోది స్నానం, గిన్నెలు కడిగిన నీళ్లకు. దీన్ని బూడిద రంగు నీరంటారు. మూడోది మరుగుదొడ్డిది, నల్ల నీరు.

చిన్న బండ్లలో, తోటల్లోని రేకుల గదుల్లో అయితే పెట్టె తరహా మరుగుదొడ్డి చాలు. కింద 20 లీటర్ల పెట్టె ఉంటుంది. ఇద్దరికి రెండు మూడు రోజులు వస్తుంది. నిండితే 20 కిలోల బరువు కాబట్టి దానికి చక్రాలు, లాగేందుకు పిడి ఉంటాయి.

పెద్ద ట్యాంకును ఖాళీ చేయడానికి పంపు కావాలి. ఇందులో మిక్సీ బ్లేడు లాంటిది తిరుగుతూ గట్టి పదార్థాన్నీ కాగితాన్నీ నలగ్గొడుతుంది. అందుకే సన్నని గొట్టంలోంచి కూడా మురుగును దూరంగా, కాస్త ఎత్తుకు తోసేయొచ్చు. బండి బ్యాటరీలోని 12 వోల్టుల కరెంటే దీనికి చాలు. ఈ పంపుకు గుడ్డపీలికలు, శానిటరీ న్యాప్కిన్లు, ప్లాస్టిక్ పడవు. ఒక్కటి చుట్టుకున్నా బ్లేడు బిగుసుకుపోతుంది.

వాడేవాళ్లు తెలుసుకోవాల్సిన కిటుకులూ ఉన్నాయి. ముందు నల్ల ట్యాంకు ఖాళీ చేసి తర్వాత బూడిద ట్యాంకు వదలాలి. సబ్బు నీళ్లతో గొట్టం దానంతటదే కడిగినట్టవుతుంది. నల్ల ట్యాంకు మూత ఎప్పుడూ తెరిచి ఉంచకూడదు. నీరు పోయి గట్టిది అడుగున పేరుకుంటుంది. వాసన రాకుండా వేసే మందుల్లో ఫార్మాల్డిహైడ్ ఉంటే వద్దనండి. అది కంపుతో పాటు సెప్టిక్ ట్యాంకులో పనిచేసే మేలిరకం బ్యాక్టీరియానూ చంపేస్తుంది.

ఎత్తేదెవరు?

అసలు ప్రశ్న ఇదీ. ట్యాంకు నిండాక దాన్ని చేత్తో ఎత్తిపోసే మనిషిని వెతికితే మనం సాధించిందేమీ లేనట్టే. 2013లో వచ్చిన చట్టం మానవ మలాన్ని మనుషులతో ఎత్తించడాన్ని నిషేధించింది. కోలారు గనుల్లో పుట్టి పెరిగిన బెజవాడ విల్సన్ ఈ దురాచారంపై చేసిన పోరాటానికే 2016లో రామన్ మెగసెసే పురస్కారం దక్కింది. పంపు, గొట్టం ఉన్నవి ఆ చేతులకు విముక్తి కోసమే. మూసి ఉన్న ట్యాంకులో విషవాయువులుంటాయి. ఎంత చిన్నదైనా, ఏ కారణం చేతనైనా మనిషిని అందులోకి దించకూడదు.

ట్యాంకరులోకి పంపు చేసినంత మాత్రాన పని పూర్తికాదు. దాన్ని ఏ వాగులోనో ఒంపితే కొండ మీది మురికిని కిందికి చేర్చినట్టే! శుద్ధి కేంద్రానికే వెళ్లాలి. బెంగళూరు దగ్గర దేవనహళ్లిలో 2015లో, మన వరంగల్‌లో 2017లో సెప్టిక్ ట్యాంకుల వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రాలు మొదలయ్యాయి. శుద్ధి చేశాక మిగిలేది ఎరువుగానో, మరో రూపంలోనో పనికొస్తుంది.

గండికోట అభివృద్ధికి 2024 నవంబరులో కేంద్రం దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. రేపు సందర్శకులు పెరుగుతారు, కారవాన్లూ వస్తాయి. అవి నిలిపే చోట కరెంటు, మంచినీళ్లతో పాటు మురుగు దింపే గొట్టం ఒకటి ఉండాలి. గుడారం బుక్ చేసేటప్పుడు భోజనంలో ఏం పెడతారు, రాత్రికి క్యాంప్‌ఫైర్ ఉందా అని అడుగుతాం కదా. ఇక నుంచి ‘మీ ట్యాంకు ఎక్కడ ఖాళీ చేస్తారు?’ అని కూడా అడుగుదాం. నలుగురు అడిగితే నిర్వాహకులే దారి వెతుక్కుంటారు. కింద ప్రొద్దుటూరులో బిందె పట్టుకున్న అమ్మకు మనం చేయగలిగిన మేలు అదే!