నల్ల పట్టు

నంద్యాల దాటాక, పొద్దుతిరుగుడు చేని గట్టున వరసగా తేనెపెట్టెలు. తేనెటీగలకు పట్టే నల్లికి వేసే మందు తేనెలో మిగులుతుందా అని అడగడానికే వెళ్లాను. పెంపకందారు జవాబివ్వకుండా పొగడబ్బా ఊది, ఒక పెట్టె మూత తీశాడు.

మగ ఈగ పిల్ల ఉన్న గదిని గుండుసూదితో విప్పి, తెల్లటి పిల్లను బయటికి లాగాడు. దాని ఒంటి మీద ఎర్రటి బొట్టు. చూస్తుండగానే బొట్టు పక్కకు నడిచింది. వరోవా నల్లి. మిల్లీమీటరున్నర ఉంటుందేమో, మనిషికి జానెడు పేను పట్టినట్టు! దేశవాళీ ఈగ దీన్ని గిల్లి పారేస్తుంది. ఈ ఇటాలియన్ ఈగకు ఆ విద్య అంతగా రాదు.

అరకప్పు ఈగల్ని, అంటే సుమారు 300, సీసాలో పోసి పంచదార పొడి చల్లి దొర్లించాడు. జల్లెడ మూతలోంచి తెల్లకాగితం మీదికి దులిపితే నాలుగు నల్లులు. తొమ్మిది దాటితేనే మందట. ఈగలు ఒకదాన్నొకటి నాక్కుంటూ మళ్లీ పెట్టెలోకి దూరాయి.

ఫార్మిక్ యాసిడ్ సీసా మూత తీస్తే నా ముక్కు మండింది. దీని ఆవిరి మూసిన గదుల్లోకీ చొరబడుతుంది, మైనంలో పేరుకోదు. కాని ఎండ 30 డిగ్రీలు దాటితే రాణికే ముప్పు. నంద్యాలలో అంత చల్లటి రోజులు ఎన్నని?

ఫ్లువాలినేట్ పట్టీలైతే ఆ బాధ లేదు, వేలాడదీసి మర్చిపోవచ్చు. చిక్కల్లా అది నీళ్లలో కరగదు, కొవ్వును పట్టుకుంటుంది.

“అందరూ తేనెలో వెతుకుతారు సార్. తేనె పిండి అమ్మేస్తాం. మైనం పెట్టెలోనే ఉంటాది,” అంటూ బొగ్గులాంటి పాత పట్టు చూపాడు. పిల్లకు ఊయలే మందన్నమాట. నల్లులకేమో ఆ కాస్త మోతాదు అలవాటైపోతుంది. కరిగించినా మందు పోదు; ఆ మైనమే, ఈగలు పట్టు కట్టుకోవడానికి పునాదిగా పెట్టే రేకులై కొత్త పెట్టెల్లోకి వస్తుంది. 2010లో అచ్చయిన ఉత్తర అమెరికా పరిశీలనలో పట్టు, రేకుల నమూనాల్లో 98 శాతానికి ఫ్లువాలినేట్, కౌమాఫాస్ అనే మరో నల్లిమందు అంటుకుని ఉన్నాయి.

ఆయన చట్రాల మీద సంవత్సరం రాసుకుంటాడు. మూడేళ్లు దాటిన పట్టు కోసి కొవ్వొత్తులవాళ్లకు అమ్ముతాడు, రేకులవాళ్లకు కాదు.

“మరి మీరు కొనే రేకులు ఎవరి మైనం?”

కట్టలోంచి ఒకటి లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నాకిచ్చాడు. కమ్మటి తేనె వాసన, అంతే.